చివరి పాట చివర

ఉల్లిపాయల సీజను చివరికొచ్చేసరికి టీన్ బౌమా చేతులు ఆమెను అడగకుండానే పని చేసుకుపోయేవి. కదిలే బెల్టు మీద జంటపాయ కనిపిస్తే ఎడమచెయ్యి తీసి పక్క డబ్బాలో వేసేది. ఎండకు పచ్చబడ్డదీ, మెడ లావెక్కినదీ, పొట్టు ఊడినదీ కుడిచేతి వాటా. టాస్మేనియా ఉత్తర తీరంలో, పెంగ్విన్ ఊరికి ఎగువన ఉన్న ఆ షెడ్డులో పదకొండేళ్ళుగా ఆమెది అదే చోటు, బెల్టు చివరి నుంచి మూడోది. చేతులు పనిలో ఉంటే బుర్ర ఖాళీ. ఆ ఖాళీలో టీన్ డ్రమ్ములు వాయించుకునేది. రబ్బరు బూట్లలో మడమలు లేచి పడుతుండేవి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, గుర్రం పరుగులాగా.

"టీన్ కాళ్ళకి మళ్ళీ పూనకం వచ్చిందర్రా," అంది ఎదుటి వరసలోని నొరీన్. "నలభయ్యైదేళ్ళ మనిషి. మా అమ్మ ఆ వయసులో స్వెట్టర్లు అల్లింది."

"మీ అమ్మ స్వెట్టర్లు నేను చూశాను. ఆవిడ కూడా డ్రమ్ములు వాయించి ఉంటే ఊరికి మేలు జరిగేది."

వరస వరసంతా నవ్వింది. నొరీన్ కూడా నవ్వి, పొట్టు అంటిన మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"శుక్రవారంతో అయిపోతుందటగా మీ రికార్డు?"

"శుక్రవారం నాలుగింటి విమానానికి టేపు మెల్‌బోర్న్ వెళ్ళాలి."

"మీ చెల్లెలి గొంతుందట కదా అందులో. చివరి ప్రార్థన. మా ఆయన చెప్పాడు. వింటే ఎవరికైనా ఏడుపాగదన్నాడు."

ఒక జంటపాయ టీన్ ముందు నుంచే దొర్లుకుంటూ వెళ్ళి మంచివాటిలో కలిసిపోయింది.

మూడింటికి పని దిగి, జుట్టులో ఇరుక్కున్న ఎర్రపొట్టును కూడా దులుపుకోకుండా, ఆమె కాలిన్ షెడ్డుకు వెళ్ళింది. కాలిన్ ట్రెథ్యూయీ ఆమె చెల్లెలు మాయికె భర్త. రైతుల యంత్రాలకు వెల్డింగు చేసేవాడు. ఇంటి వెనక వాళ్ళ నాన్న కట్టిన బంగాళాదుంపల షెడ్డు ఉంది. దాని గోడలకు ఉన్ని బస్తాలు మేకులతో బిగించి, నేలమీద పాత తివాచీలు పరిచి, రికార్డింగు గది చేసుకున్నాడు. ఎంత తుడిచినా దుంపల మట్టివాసన పోలేదు. 'రాతినేల' అనే వాళ్ళ బ్యాండు ముగ్గురిది. కాలిన్ గిటారు, టీన్ డ్రమ్ములు, పాడుతూ బాస్ వాయించేవాడు షేన్ లిలికో. షేన్ ఇరవయ్యారేళ్ళవాడు. నిలబడితే తలుపంత ఉంటాడు, నోరు తెరిస్తే గేదె అరిచినట్టు ఉంటుంది, మామూలుగా మాట్లాడితే మాత్రం లైబ్రరీలో ఉన్నట్టు మాట్లాడతాడు. రికార్డు వచ్చాక ఊరూరా తిరగాలని పోయిన నెలలోనే కబేళా ఉద్యోగం మానేశాడు.

ఆల్బమ్ పేరు 'లోయ'. తొమ్మిది పాటలు. అందులో ఐదు షేన్ రాసినవి: సాతాను పళ్ళు రాలగొట్టడం, ఇనుపదండం, విజయం, మళ్ళీ విజయం. తక్కిన నాలుగూ మాయికె పోయాక కాలిన్ రాసినవి. ఒక పాటలో కత్తులు దూసుకుంటూ సైన్యం వెళుతుంటే, తరవాతి పాటలో ఒక మనిషి వంటింట్లో ఒంటరిగా నిలబడి, దేవుడా, కప్పులు రెండెందుకు కడిగాను అని అడుగుతాడు. రెండూ ఒకచోట పొసగవని ముగ్గురికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

"కూర్చో. చివరిది వినిపిస్తాను," అన్నాడు కాలిన్. "నిన్నంతా దాని మీదే ఉన్నాను. ఇప్పుడు గొంతు తేటగా ఉంది."

టీన్ డ్రమ్ముల వెనక తన ముక్కాలిపీట మీద కూర్చుంది. పాట మొదలైంది. ఆమె చేతులే కొట్టిన దెబ్బలు, ఆమె కాళ్ళే తొక్కిన పరుగు. షేన్ అరుపు సన్నగిల్లి ఆగింది. గిటారు రెండు స్వరాల మధ్య నెమ్మదిగా ఊగుతుండగా, దాని మీద మాయికె గొంతు లేచింది. ఎండిపోయిన గొంతు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈడ్పు. చిన్నప్పుడు హాలండు నుంచి వచ్చి ఓడ దిగిన నాటినుంచి అక్కాచెల్లెళ్ళు తమలో తాము మాట్లాడుకున్న గ్రోనింగెన్ పల్లెల డచ్ భాష.

కాలిన్ కళ్ళు మూసుకున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి. భార్య భాష ఒక్క ముక్క రాని మనిషి, ఆ మాటల చప్పుడును మాత్రం కంఠస్థం చేశాడు.

టీన్ తన అరచేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయింది.

"ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది," అన్నాడు షేన్ మెల్లగా. "వార్విక్ కూడా అదే అన్నాడు. ఈ గొంతు కోసమే ఆల్బమ్ తీసుకున్నానన్నాడు. లేకపోతే మన మొహం చూసేవాడా."

వార్విక్ పెల్ మెల్‌బోర్న్‌లో క్రైస్తవ రికార్డుల కంపెనీ నడుపుతున్న మనిషి. ఆ పాట విన్నాకే సిడ్నీ క్రైస్తవ సంగీత ఉత్సవంలో వాళ్ళకు సాయంత్రం వేళ చోటు ఇప్పిస్తానన్నాడు.

"పాప నీకు చెప్పొద్దంది గానీ చెప్పేస్తున్నా," అన్నాడు కాలిన్ కళ్ళు తెరిచి. చాలా రోజులకు అతని మొహంలో కాస్త వెలుగు కనబడింది. "ఆదివారం చర్చి హాల్లో మనం అందరి ముందూ వాయించినప్పుడు, ఈ పాట అయ్యాక, లీస్‌బెత్ లేచి వాళ్ళమ్మ ప్రార్థన తన నోటితో చెబుతుందట. టేపు విని విని నేర్చుకుంది. మీ అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెడతాం."

టీన్ చేతికందిన డ్రమ్ముపుల్ల తీసి, దాని కొన గోటితో గీకింది.

"మంచిది," అంది.

*

బుధవారం లీస్‌బెత్ వంటింటి బల్ల దగ్గర నిలబడి స్కూలు చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. పదమూడేళ్ళ పిల్ల, తల్లి పోయిన ఏడాదిన్నరలో జానెడు పెరిగింది. కాలరును మొదట వెనకవైపు రుద్ది, తరవాత ముందువైపు రుద్దడం మాయికె పద్ధతి.

"నాన్న చెప్పేశాడు కదూ పెద్దమ్మా? నాకు తెలుసు, ఆయన కడుపులో మాట దాగదు."

"చెప్పాడు."

"అయితే విను. తప్పులుంటే ఇప్పుడే చెప్పు, అమ్మమ్మ ముందు నవ్వులపాలు కాకుండా."

పిల్ల ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. తల్లి ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడ తీసుకుంటూ, ఎక్కడ గొంతు తెగిందో అక్కడ తెంపుతూ, ఒక్కొక్క మాటే చెప్పింది. ఉచ్చారణలో ఏ తప్పూ లేదు. గ్రోనింగెన్ పల్లెలో పుట్టిన పిల్లలాగే పలికింది.

ఆపెయ్, టీన్. ఇది వద్దు. ఆపెయ్యవే, నీకు దణ్ణం పెడతాను. దాహంగా ఉంది.

అంతే ఆ మాటల అర్థం. అంతకుమించి టేపులో లేదు.

"ఆమెన్," అని లీస్‌బెత్ తనంతట తాను చేర్చి కళ్ళు తెరిచింది. "ఎలా ఉంది? మధ్యలో నీ పేరు వస్తుంది కదా, 'టీన్' అని. నీ కోసం కూడా అడిగింది చూడు దేవుణ్ణి. రోజూ పడుకునే ముందు మోకాళ్ళ మీద ఇదే చెప్పుకుంటాను. అర్థం తెలియకపోయినా పరవాలేదన్నాడు నాన్న, దేవుడికి తెలుస్తుందట."

టీన్ కుళాయి దగ్గరికి వెళ్ళి కెటిల్ నింపింది. అది నిండి పొంగి చేతుల మీదుగా కారుతున్నా కుళాయి కట్టలేదు.

"పెద్దమ్మా, నీళ్ళు."

"బాగా చెప్పావమ్మా," అంది టీన్, వెనక్కి తిరగకుండా.

ఆ టేపు పట్టిన రోజు ఆసుపత్రి గదిలో కాలిన్ మంచానికి అటువైపు కూర్చుని భార్య పాదాలు పట్టుకున్నాడు. చిన్న టేపు రికార్డరు టీన్ చేతిలో పెట్టి, పాపకోసం ఏదైనా చెప్పించు, నీతో అయితే మాట్లాడుతుంది అని, తను బయటికి వెళ్ళాడు. మాయికె దాన్ని చూసి మొహం తిప్పుకుంది. టీన్ దాన్ని మరికాస్త దగ్గరగా పెట్టింది, రెండు చేతులతోనూ పట్టుకుని, కదిలితే చప్పుడొస్తుందని ఊపిరి కూడా బిగబట్టి. నీళ్ళ గ్లాసు పక్క బల్ల మీదే ఉంది. మర్నాడు వరండాలో కాలిన్, ఏమంది, అని అడిగాడు. అతను రెండు రాత్రులు నిద్రపోలేదు. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ప్రార్థన, అంది టీన్. ఒక్క మాట. అది ఇంత దూరం నడుస్తుందని ఆమె అనుకోలేదు.

*

గురువారం పని దిగి తల్లి దగ్గరికి వెళ్ళింది. ఎలాగైనా ముందు అమ్మకు చెప్పాలనుకుంది. ఖ్రీతియె ముసలమ్మకు డెబ్బయ్యెనిమిది. దుంపలూ క్యారెట్లూ ఉల్లిపాయలూ కలిపి మెదిపిన కూర పొయ్యి మీద పెట్టి, కూతురి కోసం కంచం వెచ్చబెట్టి ఉంచింది.

"ఆదివారం చెవుల్లో దూది పెట్టుకుని వస్తాను," అంది. "మీరు వాయించేది సంగీతమంటే, మా ఆయన ట్రాక్టరు పెద్ద విద్వాంసుడే. చివరి పాట చివర మాత్రం దూది తీసేస్తాను. కాలిన్ నన్ను ఆదివారం దాకా ఆగమన్నాడు, ఆగాను."

"అమ్మా, ఆ టేపు..."

"నేను ఆ రోజు అక్కడ లేను కదే. మోకాలి నొప్పని ఇంట్లో ఉండిపోయాను." ముసలమ్మ గరిటె కంచం అంచుకు కొట్టి విదిలించింది. "నా బిడ్డ ప్రార్థన చేసుకుంటూ పోయిందని నువ్వు చెప్పిన ఆ ఒక్క మాట పట్టుకునే పొద్దున లేస్తున్నాను. తిను, చల్లారిపోతుంది."

టీన్ తింది. ముద్ద ముద్దకీ నీళ్ళు తాగింది. ఇంటికి వెళ్ళే దారిలో కారు రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, సముద్రంలోంచి వాన వచ్చి అద్దం మీద పడేదాకా కూర్చుంది. చెప్తే ముగ్గురి కాళ్ళకింద నేల తీసినట్టే. ఊరుకుంటే ఆ పిల్ల రోజూ మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి వద్దన్న మాటను దేవుడికి అప్పజెపుతూ ఉంటుంది. హాల్లో ముందు వరసలో అమ్మ దూది తీసి వింటుంది. హాలు నిండా గ్రోనింగెన్ ముసలివాళ్ళే. ఎటు తిరిగినా తలుపుల్లేవు.

*

శుక్రవారం ఆమె పనికి వెళ్ళలేదు. మధ్యాహ్నం రెండున్నరకు షెడ్డులోకి అడుగుపెట్టేసరికి కాలిన్ చివరి టేపు పెట్టె మీద చిరునామా రాస్తున్నాడు. షేన్ తివాచీ మీద కూర్చుని తీగలు చుడుతున్నాడు.

"కాలిన్, అది ప్రార్థన కాదు," అంది టీన్ గుమ్మంలోనే నిలబడి.

"ఏది?"

"మాయికె అన్నది. నేను నీతో అబద్ధం చెప్పాను."

కాలిన్ పెన్ను పక్కన పెట్టాడు. యంత్రం దగ్గరికి వెళ్ళి పాట చివరికి తిప్పి నొక్కాడు. మాయికె గొంతు వచ్చింది. టీన్ ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పింది, బడిలో పాఠం చదివినట్టు, పైకీ కిందికీ లేకుండా.

షేన్ తీగ చుట్టడం ఆపాడు.

"వరండాలో అడిగాను నిన్ను," అన్నాడు కాలిన్. "నువ్వు చెప్పావు. ఏడాదిన్నర పాటు చెప్పావు. దీని మీద డ్రమ్ములు కూడా వాయించావు."

"వాయించాను."

"మాయికె అక్కవి నువ్వు."

"అందుకే ఇవాళైనా చెప్తున్నాను."

ఫోను మోగింది. వార్విక్. షేన్ ఎత్తాడు, ఏం చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టే చెప్పేశాడు. అవతలి మాటలు గదంతా వినిపించేంత గట్టిగా వచ్చాయి.

"దాహమన్నదా? షేన్, సిలువ మీద ప్రభువు అన్నమాట కదయ్యా అది. ఇది ఇంకా పెద్దది. తీయొద్దు. కవరు మీద అర్థం కూడా వేద్దాం. ఆ గొంతు లేకపోతే ఆ పాటకి చివరే లేదు, పాట లేకపోతే సిడ్నీ లేదు. కాలిన్‌కి చెప్పు."

షేన్ ఫోను గుండెకు ఆనించుకుని కాలిన్ వైపు చూశాడు. "నేను ఉద్యోగం మానేశాను," అన్నాడు, లైబ్రరీ గొంతుతో. "నిన్ను బలవంతం చెయ్యను. ఊరికే చెప్తున్నా."

కాలిన్ నుదురు రుద్దుకున్నాడు. అతని వేళ్ళకు వెల్డింగు మచ్చలు.

"ఉండనీ," అన్నాడు. "అర్థం ఎవరికి కావాలి? నాకు తన గొంతు కావాలి. నా దగ్గర మిగిలిందల్లా అదొక్కటే. ఆదివారం అత్తయ్యగారిని రావద్దని చెప్పు టీన్, ఏదో ఒకటి చెప్పు. అబద్ధం చెప్పడం నీకు చేతనవునుగా."

అతను మళ్ళీ నొక్కాడు. గిటారు ఊగింది. మాయికె మొదలుపెట్టింది.

బడి బస్సు దిగి వచ్చిన లీస్‌బెత్ గుమ్మం దగ్గర ఎంతసేపటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు. భుజాన సంచి దించలేదు.

"పెద్దమ్మా, ఆపమందా అమ్మ? నిన్ను?"

"అవునమ్మా."

"మరి ఆపలేదేం?"

టీన్ నోరు తెరిచింది. మీ నాన్న అడిగాడు అనవచ్చు. నీకోసమే అనవచ్చు. రెండూ నిజాలే.

"ఆపలేదు," అంది.

పిల్ల ఆమెను దాటుకుని, షేన్ కాళ్ళను దాటుకుని, యంత్రం దగ్గరికి వెళ్ళింది. చుట్టలు తిరుగుతున్నాయి. తల్లి గొంతు రెండో మాట మధ్యలో ఉంది. లీస్‌బెత్ వేలు చాపి బొత్తాం నొక్కింది. చుట్టలు కొంచెం ఊగి ఆగిపోయాయి.

"ఆపమంది కదా నాన్నా," అంది. కోపంగా అనలేదు. మరిచిపోయిన పని గుర్తుచేసినట్టు అంది. తరవాత సంచి సర్దుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఫోనులో వార్విక్ హలో, హలో అంటూ ఉన్నాడు. షేన్ దాన్ని చెవికి పెట్టుకుని, "మళ్ళీ చేస్తాం," అని పెట్టేశాడు. కాలిన్ చుట్టల వైపు చూస్తూ నిలబడ్డాడు. గడియారం మూడుంబావు చూపిస్తోంది. అతను టేపు వెనక్కి తిప్పాడు. ఎనిమిదో మీటను, మాయికె గొంతు పెంచి తగ్గించేదాన్ని, కిందికంటా లాగి, దాని మీద వేలు అలాగే అదిమిపెట్టి, పాటను కొత్త టేపు మీదికి ఎక్కించాడు. గొంతు ఉండాల్సిన చోట గిటారు రెండు స్వరాల మధ్య నలభై సెకన్లు ఊగి ఆగిపోయింది. దాన్ని కత్తిరించే టైము లేదు. షేన్ విమానాశ్రయానికి బయల్దేరాడు.

టీన్ వెళుతుంటే కాలిన్ ఆమె వైపు చూడలేదు.

*

శనివారం తల్లికి చెప్పింది. ముసలమ్మ అంతా విని, బల్ల మీది మేజోళ్ళ జతను విప్పి మళ్ళీ మడిచింది.

"దాహమంటే నీళ్ళివ్వలేదా?"

"ఇచ్చాను, తర్వాత. అప్పటికి కళ్ళు మూతలు పడ్డాయి. పెదవులు తడిపాను."

ముసలమ్మ తల ఊపింది. ఆ రోజు కూతుర్ని భోజనానికి ఉండమని అనలేదు. ఆదివారం హాలుకు వచ్చింది గానీ ముందు వరసలో కూర్చోలేదు, దూది కూడా తీయలేదు. లీస్‌బెత్ ఆమె పక్కన కూర్చుంది. చివరి పాట అయ్యాక లేవలేదు. పాస్టరుగారు ఏదో ఉందనుకుని కాసేపు చూసి, తనే లేచి ఆశీర్వాదం చెప్పి టీ ఇప్పించారు.

సిడ్నీ పోయింది. వార్విక్ ఆల్బమ్ అయితే వేశాడు, ఉన్నదున్నట్టు, కాసిని కాపీలు. షేన్ మళ్ళీ కబేళాకు వెళ్ళాడు. అక్కడివాళ్ళు వారం రోజులు అతన్ని వేళాకోళం చేసి పాత కత్తే ఇచ్చారు. ఈస్టరు తరవాత ఒక పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చాయి. గుండెను పట్టి పిండే పాటలు కొన్నున్నాయనీ, వాటి పక్కనే చిల్లర యుద్ధగీతాలు ఉన్నాయనీ, మొత్తమ్మీద ఎగుడుదిగుడుగా ఉందనీ, చివరి పాట ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండి ఊరికే ఆగిపోతుందనీ రాశారు. నొరీన్ దాన్ని కత్తిరించి ఉల్లిపాయల షెడ్డులో చేతులు కడుక్కునే చోట అంటించింది.

కాలిన్ ఆరు వారాలు టీన్‌తో మాట్లాడలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు. బ్యాండు సాధన ఆగిపోయింది. ఆమె బెల్టు దగ్గర నిలబడితే కాళ్ళు కదలడం మానేశాయి. నొరీన్ కూడా దాని గురించి ఏమీ అనడం మానేసింది.

మే నెలలో ఒక శనివారం పొద్దున, తన డ్రమ్ములు తెచ్చేసుకుందామని కారు వెనక సీటు మడిచి, టీన్ కాలిన్ షెడ్డుకు వెళ్ళింది. అతను లోపలే ఉన్నాడు. గిటారు ఒళ్ళో ఉంది, వాయించడం లేదు. ఆమె డ్రమ్ముల మీది ఇత్తడి తాళాలను విప్పి గుడ్డల్లో చుట్టడం మొదలుపెట్టింది. ఒక మర ఊడి రాకపోతే అతను లేచి వచ్చి, పట్టకారుతో వదులు చేసి ఇచ్చాడు. వెళ్ళి కూర్చోలేదు.

"టేపు ఆపేశాక," అన్నాడు. "ఇంకేమైనా అందా?"

టీన్ చేతిలోని తాళాన్ని గుడ్డ మీద పెట్టింది.

"అంది."

"ప్రార్థనా?"

"కాదు కాలిన్."

"అయితే చెప్పు. ఏదున్నా చెప్పు. ఈసారి ఉన్నదే చెప్పు."

ఆమె ముక్కాలిపీట మీద కూర్చుంది. ముందు డచ్‌లో అంది, మాయికె అన్నట్టే, నెమ్మదిగా. తరవాత అతనికి తెలిసేలా చెప్పింది.

"కిటికీలోంచి మబ్బు చూసింది. పొద్దున నువ్వు బట్టలు తీగ మీద ఆరేసి వచ్చావు కదా. అవి తీసెయ్యమని కాలిన్‌కి చెప్పవే, వానొచ్చేలా ఉంది అంది. దుప్పట్లు తడిస్తే నీకు ఆరబెట్టడం చేతకాదంది."

కాలిన్ పట్టకారు డ్రమ్ము మీద పెట్టాడు. నెమ్మదిగా వచ్చి తివాచీ మీద, ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"వచ్చింది," అన్నాడు. "ఆ సాయంత్రం వానొచ్చింది. అన్నీ తడిసిపోయాయి."